పక్క మంచం ఆవిడ

మా అత్తగారికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. తుంటి విరిగి నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేరారు. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో నాలుగడుగులు వేయగానే వార్డుకంతా పెద్దదిక్కయిపోయారు. పక్క మంచం మీద ఒక దర్జీ ఆవిడ. కడుపుకి ఆపరేషన్ అయింది, నా అన్నవాళ్లెవరూ లేరు. అత్తగారు ఆవిడకు దిండు సర్దేవారు, నోటికి ముద్ద అందించేవారు.

ఒకరి క్రిములు ఇంకొకరికి అంటకుండా చూడటం నా ఉద్యోగం. నా మాటకు డాక్టర్లే చేతులు కడుక్కుంటారు. అత్తగారి పరీక్షలో మందులకు లొంగని క్రిమి ఒకటి బయటపడింది. ఆవిడకు జబ్బేమీ చేయలేదు, ఒంట్లో ఊరికే మకాం పెట్టింది. విడి గది ఖాళీ అయ్యేదాకా మంచం దిగొద్దన్నాను.

"జ్వరం లేదు, దగ్గు లేదు. నాకేం రోగమే?"

"మీకు లేదత్తయ్యా. మీ చేతుల మీదుగా వేరేవాళ్లకి వెళ్తుంది."

"చాల్లే. ఇంట్లో నా మాట సాగనివ్వవు, ఇక్కడ చెయ్యి కూడా కదపనివ్వవా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నా ఖర్మకొద్దీ ఇల్లే రచ్చకొచ్చింది. ఒళ్లు మండి విసురుగా వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి అత్తగారు దర్జీ ఆవిడ పక్కన కూర్చుని, ఊడిన కట్టును వేళ్లతో ఒత్తి అతికిస్తున్నారు.

"నర్సు ఎంతకీ రాలేదు. పాపం, నొప్పంటోంది" అన్నారు.

వారం తిరక్కుండానే దర్జీ ఆవిడ రక్తంలో అదే క్రిమి కనబడింది. మందు మీద మందు మార్చారు, ఏదీ పనిచేయలేదు. ఆవిడ పోయిన సంగతి అత్తగారికి నేనే చెప్పాను.

"నా చేతులేనా?" అని అడిగారు.

"మా సిబ్బంది చేతులు కూడా కావచ్చు. తేల్చి చెప్పలేం."

అది నిజమే. కానీ అత్తగారు నా మొహంలోకి చూసి తల దించుకున్నారు. నాకు కోపం పోయింది, ఈవిడ ఏమైపోతారోనని భయం పట్టుకుంది.

ఇంటికి తీసుకొచ్చిన రోజు నా కూతురు "నానమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చింది. అత్తగారు గోడకు ఆనుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"దగ్గరికి తీసుకోండత్తయ్యా. ఇంట్లో పర్వాలేదు, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు."

"ఆ రోజు నువ్వు నిజమే చెప్పావు, నేను వినలేదు. ఇవాళా నిజమే చెప్తున్నావేమో. నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నానమ్మా. దాన్ని అవతలికి తీసుకెళ్లు."

పిల్ల ఏడుస్తుంటే నేనే ఎత్తుకున్నాను. అత్తగారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.