కెప్టెన్ దొర శాపం

కెప్టెన్ థోర్న్ విక్టోరియా రాణి నౌకాదళంలో ముప్పై ఒక్క ఏళ్ళు కొలువు చేసి, చివరికి మా కోలారు గనుల్లో మేనేజరుగా చచ్చాడు. ఆయన జీవితచరిత్ర రాసే పిచ్చి నాది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడికి అంతకంటే పనేముంటుంది!

గనులు మూతపడ్డాక జనం దొరల సమాధుల రాళ్ళు పెకలించి, బట్టలుతకడానికి మోసుకుపోయారు. నా కెప్టెన్ పేరు చెక్కిన పలకా పోయింది. మిగిలిన రాళ్ళైనా దక్కాలని నేనే ఒక మాట పుట్టించాను: దొర రాయి ముట్టినవాళ్ళ బిడ్డలు బతకరు. ఆ మాట బంగారుపేట దాకా పాకింది. దొంగతనాలు ఆగాయి. కెప్టెన్ సమాధి దగ్గరికి చుట్టలు, సారాయి, కోళ్ళు రావడం మొదలైంది. నేను నవ్వుకున్నాను.

ఒక శుక్రవారం పొద్దున నేను పోయేసరికి, రాగులు పండించుకునే సొన్నమ్మ తన ఎనిమిదేళ్ళ కూతురు అర్పితను ఆ సమాధి మీద పడుకోబెట్టి కూర్చుంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ పలక ఎత్తుకుపోయింది ఆమె మొగుడు బచ్చప్పేనట.

“కోలారు ఆసుపత్రికి తీసుకుపో తల్లీ. ఆ శాపం నేను కల్పించిందే,” అన్నాను.

“మా మీద జాలితో అంటా ఉండారు సార్. మూడు దినాలు ఈడే పండబెడతామని మొక్కినాము. ఇంగ ఒక దినం ఉండాది.”

దొర మీద అసహ్యం పుట్టిస్తే లేస్తుందనుకున్నాను, మహా తెలివైనవాణ్ణి. ఇంటికి పరిగెత్తి నా రాతప్రతి తెచ్చి ఆమెకు చదివి వినిపించాను. ఓడలో రొట్టె దొంగిలించిన నావికుణ్ణి కెప్టెన్ నలభై ఎనిమిది కొరడా దెబ్బలు కొట్టించాడు. వాడు మూడోనాడు చచ్చాడు.

“ఇట్లాంటివాడు దేవుడా?” అని అరిచాను.

సొన్నమ్మ పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది. “రొట్టె ఎత్తుకున్నోణ్ణే సంపినోడు, రాయి ఎత్తుకున్నోళ్ళని వదుల్తాడా సార్?”

అప్పుడు గానీ అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలని నాకు తోచలేదు. అది వచ్చేసరికి పిల్ల పోయింది. చదవడం మాని ముందే చేసి ఉంటే బతికేదేమో. ఆ అరగంట నేనే తినేశాను.

పదకొండో రోజు బచ్చప్ప పలకను తిరిగి మోసుకొచ్చి సమాధి మీద పెట్టాడు. సొన్నమ్మ చంకలో చిన్న కూతురు.

“ఆయన కతంతా తెలిసినోళ్ళు మీరు,” అన్నాడు బచ్చప్ప. “మా మాట వినలేదు, మీ మాట వింటాడు. దీన్నన్నా వదిలెయ్యమని చెప్పండి సార్.”

శాపం లేదని మళ్ళీ చెప్పబోయాను. అతను నా కాళ్ళ మీద పడ్డాడు.

చెప్పులు విడిచి, ఆ రాయి ముందు చేతులు జోడించి, వాళ్ళిద్దరికీ వినబడేలా కెప్టెన్‌ను బతిమాలుకున్నాను.