ఎడమకు తిరగని బండి

కూడలిలో కోడలు హ్యాండిల్ ఎడమకు తిప్పిందో లేదో, బండి గుటుక్కుమంది. ఇంజను ఆగింది. లైటు లేదు, హారను లేదు. సెల్ఫ్ నొక్కితే టిక్కుమని కూడా అనలేదు.

"పెట్రోలు కొట్టించావా?" వెనక సీటు మీంచి అత్త అడిగింది.

"పెట్రోలు లేకపోతే హారనెందుకు మూగబోతుంది అత్తయ్యా? కరెంటే పోయింది."

తొమ్మిదీ నలభై. సరిగ్గా పదికి పరీక్ష సెంటరు గేటు మూసేస్తారు. ఎలక్ట్రీషియన్ లైసెన్సుకి ఇది ఆమె మూడో ప్రయత్నం. నాలుగోది ఎవరికీ ఇవ్వరు. "రెండుసార్లు ఒక్కదానివే పోయి తప్పొచ్చావు, ఈసారి నేనూ వస్తా" అని అత్త బండెక్కింది. ఆటోలేమో బంద్.

కోడలు బండిని పక్కకు తోసి, పరీక్ష సంచీలోంచి రెండు వైర్లున్న చిన్న బల్బు తీసింది. ఒక వైరు బండి ఇనుముకి ఆనించి, రెండోది బ్యాటరీకి తాకించింది. వెలిగింది. ఫ్యూజుకి ఈ చివరా వెలిగింది, ఆ చివరా వెలిగింది.

"అక్కడిదాకా వచ్చిన కరెంటు తాళం దాకా ఎందుకు పోవట్లేదు?" అని గొణుక్కుంటూ హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. అది కుడికి వాలింది. మీటర్లో పచ్చ దీపం వెలిగింది! ఎడమకు తిప్పింది. ఆరిపోయింది.

హ్యాండిల్ మెడ దగ్గరికి వంగి చూసింది. అత్త ముప్పై ఏళ్ల దర్జీ. నిన్న కొత్త సీటు కవరు కుట్టి, ముందు తాళ్లను వైర్ల కట్టతో కలిపి బిగించేసింది. ఎడమకు తిప్పినప్పుడల్లా తాడు వైర్లను లాగుతోంది. తొడుగు లోపల ఎర్ర వైరు తెగింది; హ్యాండిల్ తిన్నగానో కుడికో ఉంటేనే ఆ కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"నా ముడి బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు," అంది అత్త, కాస్త గర్వంగానే.

"అదే కదా నా ఖర్మ! ట్యాంకు విప్పి అతకాలంటే అరగంట. అంత టైము లేదు. ఎక్కండి. ఎడమకు తిప్పకుండా పోదాం."

"సెంటరు ఎడమవైపే కదే!"

"ఒక ఎడమకి మూడు కుడులు. చుట్టు తిరిగి అదే వీధిలోకొస్తాం."

"ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది నీ తెలివి," అంటూనే అత్త ఎక్కి కూర్చుంది.

తిన్నగా వెళ్లి కుడి, కుడి, మళ్లీ కుడి. బజారులో తోపుడుబండి అడ్డొస్తే కోడలు తప్పుకోకుండా బ్రేకు తొక్కింది.

"ఎడమకి పోమ్మా, అంత రోడ్డుంది!" అని అరిచాడు బండివాడు.

"మా బండికి ఎడమ లేదు నాయనా, నువ్వే జరుగు!" అంది అత్త.

తొమ్మిదీ యాభైతొమ్మిది. గేటు ఎడమవైపే ఉంది. వాచ్‌మన్ రెక్క లాగుతున్నాడు.

"గట్టిగా పట్టుకోండి!" కోడలు వేగం పెంచి, క్లచ్ పట్టి, ఎడమకు తిప్పేసింది. ఇంజను చచ్చింది. బండి దొర్లుకుంటూ పోయి గేటుకి రెండు బారల దూరంలో ఆగింది. అత్త దూకి, పరుగెత్తి గేటు సందులో చెయ్యి అడ్డుపెట్టి నిలబడింది.

"టైమైపోయిందమ్మా!"

"నీ గడియారం ముల్లు ఇంకా పన్నెండు ఎక్కలేదు బాబూ. నన్ను నలిపి మూసుకో, చూద్దాం!"

అత్త చెయ్యి కిందనుంచి కోడలు సంచీతో లోపలికి దూరింది. మెట్ల మీద ఒక్కసారి వెనక్కి చూసింది. అత్త బండి పక్కన గొంతుకూర్చుని, దారం కత్తెరతో తన ముడిని తానే కోస్తోంది.

"ఇటేం చూస్తావు? పో లోపలికి!"