పై అంతస్తులో డ్యూటీ

కేకు మీద కొవ్వొత్తి వెలిగించి, తలుపు మోచేత్తో తోసుకుని, మర్యూరి తమ పాస్తో ఊరి పుట్టినరోజు పాట ఎత్తుకుంది. రెండో పాదం దాకా కూడా పోలేదు. కిటికీ పక్క కుర్చీలో ఉన్న ఓస్టర్‌కాంప్ గారు రెండు చెవులూ మూసుకున్నారు.

"ఆపు! ఆపు పిల్లా! ఇవాళ కాదు!"

"తెలుసండీ, రేపని. కానీ రేపు నేను..."

"రేపటిది రేపే చెప్పాలి. ఆర్పేయ్ దాన్ని. నేను ఊదను, నువ్వే ఊదు. ముందు బయటికి తీసుకుపో!"

వరండాలో దుప్పట్లు మడతపెడుతున్న ఇన్సా, కేకు పట్టుకుని బిక్కమొహం వేసుకు నిలబడ్డ మర్యూరిని చూసి పకపకా నవ్వింది.

"ముందే చెప్పేశావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఈ జర్మనీలో పుట్టినరోజుకి ఒక్క నిమిషం ముందు కూడా ఎవరూ నోరు విప్పరు. ఈ మనిషి రేపటిదాకా ఉంటుందా అని విధిని తట్టి లేపినట్టు."

"మా ఊళ్ళో వారం ముందు నుంచీ చెప్పుకుంటారు."

"మీ ఊళ్ళో విధికి చేతినిండా పని, వినిపించుకోదు. ఇక్కడ లేయర్ ఊళ్ళో దానికేం పని? చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది."

మర్యూరి కూడా నవ్వింది గానీ, మనసు కుదుటపడలేదు. దానికి కారణం కేకు కాదు.

రేవు పక్కన ఉన్న ఆ వృద్ధుల నివాసానికి ఆమె వచ్చింది ఆగస్టులో. తమ దేశం కొలంబియాలో నర్సు చదువు పూర్తి చేసింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. ఇక్కడ ఆ పట్టాకి గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పని. ఫిబ్రవరితో పరిశీలన కాలం అయిపోతుంది. అప్పటిదాకా ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని ఆమె పట్టుదల. పిలిచిన చోటికల్లా వెళ్ళేది, చెప్పిన పనికల్లా తలూపేది.

వారం కిందట ఓస్టర్‌కాంప్ గారు అడిగారు: "ఆరో తారీకున నాకు తొంభై నిండుతాయి. మధ్యాహ్నం టీ నువ్వే పొయ్యాలి. బయటినుంచి వచ్చినవాళ్ళలో, మా పద్ధతి ప్రకారం టీలో మీగడ వేశాక చెంచాతో గిలక్కొట్టనిది నువ్వొక్కదానివే."

ఆవిడకి చుట్టాలంటూ ఎవరూ మిగల్లేదు. భర్త పడవలు నడిపేవాడు, పోయి చాలా కాలమైంది. ఆవిడ ఆస్తి అంతా ఆ గది, రేవు కనిపించే కిటికీ, గులాబీ పువ్వుల కెటిలు, దాన్ని వేడిగా ఉంచే కొవ్వొత్తి పొయ్యి.

అదే జనవరి ఆరో తారీకు పాస్తోలో ఉత్సవానికి ఆఖరి రోజు. ఊరు ఊరంతా ఒకరి ముఖాన ఒకరు తెల్లపౌడరు కొట్టుకునే రోజు. ఆ ప్రాంతం నుంచి ఇక్కడికి వచ్చిన పిల్లలంతా కలిసి బ్రేమెన్‌లో ఒక హాలు మాట్లాడుకున్నారు. "పౌడరు పడని ముఖంతో కొత్త ఏడాదిలోకి పోతావటే? సిగ్గులేదూ?" అని చిన్ననాటి స్నేహితురాలు యూలీ ఫోనులో కేకలేసింది. మర్యూరి అప్పటికే ఇన్సాతో డ్యూటీ మార్చుకుని సెలవు తీసుకుంది.

ఆ మాట ఓస్టర్‌కాంప్ గారికి చెబితే సరిపోయేది. నోరు రాలేదు. పెద్దావిడ ముఖం మీద "రాను" అని ఎలా అంటారు? పాస్తోలో అలాంటప్పుడు ఒక సాకు చెబుతారు. అది సాకేనని విన్నవాళ్ళకీ తెలుసు. తెలిసీ తలూపుతారు, ఇద్దరి మర్యాదా దక్కుతుంది.

"ఆ రోజు నన్ను పై అంతస్తులో వేశారండీ. ఊపిరి సలపని పని. కిందికి దిగడానికి కూడా కుదరదు" అంది మర్యూరి.

"పైనా?" అన్నారు ఓస్టర్‌కాంప్ గారు. "అయ్యో, పుట్టినరోజు నాడు నా చేతి కేకు ముక్కైనా నీకు దక్కదే!"

అందుకే ఒకరోజు ముందు తనే కేకు తెచ్చింది. తన మనసు తేలికపడాలని. అదీ ఇలా అయింది.

బ్రేమెన్‌లో హాలంతా తెల్లగా ఉంది. యూలీ గుమ్మంలోనే పట్టుకుని రెండు బుగ్గలకీ పౌడరు పూసి, "బతికించావే, వచ్చావు!" అని కావలించుకుంది. డప్పులు మోగాయి. ఐదు నెలలుగా బిగబట్టుకున్న నవ్వంతా మర్యూరి ఒక్కసారే నవ్వేసింది. మధ్యలో గ్లాసెత్తి నీళ్ళు తాగుతూ, 'ఈపాటికి టీ పోస్తూ ఉంటారు' అనుకుంది. అనుకుని మళ్ళీ ఆటలోకి దూకింది.

తిరుగు రైల్లో ఫోను చూసుకుంటే ఇన్సా పంపిన కబురు: "మీ ఓస్టర్‌కాంప్ గారు మెట్ల మీద పడ్డారు. తుంటి చిట్లింది. ఆసుపత్రిలో చేర్చాం. చూశావా, ముందే చెబితే ఏమవుతుందో! తమాషాకి అన్నాలే, మనసులో పెట్టుకోకు."

మర్నాడు పొద్దున డ్యూటీ మారేటప్పుడు అందరూ చిన్న గదిలో గుమిగూడారు. నిర్వాహకురాలు త్యాదెన్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చెప్పారు:

"లిఫ్టు దగ్గర భోజనాల బళ్ళున్నాయని మెట్లెక్కారట. చేతికర్ర కింద వదిలేసి, చేతిలో కేకు ప్లేటుతో. పైన ఆవిడకి తెలిసినవాళ్ళే లేరు. ఎందుకండీ అని అడిగితే, 'మర్యూరి పైన పని చేస్తోంది, దానికి నా కేకు ఇవ్వాలి' అన్నారు. మర్యూరేమో నిన్న సెలవు." ఆవిడ మర్యూరి వైపు జాలిగా చూశారు. "నువ్వంటే ఆవిడకి ప్రాణం, పాపం. కానీ లేని మనిషిని వెతుక్కుంటూ పోవడం మంచి లక్షణం కాదు. డాక్టరుతో కూడా అదే చెప్పాను. వచ్చాక, మతి తప్పినవాళ్ళని ఉంచే తాళం వార్డుకి మార్చేద్దాం. అక్కడ కొవ్వొత్తులు పనికిరావు. ఆ సామాన్లు సర్దించాలి. మర్యూరీ, నువ్వు సర్దుతావా?"

మర్యూరి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. నోట్లోంచి "సరేనండీ" అని వచ్చింది.

బయటికి రాగానే ఇన్సా భుజం మీద చెయ్యేసింది. "ఏంటా ముఖం? ముందే చెప్పడం వల్లే పడిందనుకుంటున్నావా? పిచ్చిదానా! అదంతా మా అమ్మమ్మల కాలం నమ్మకం. నీ తప్పేం లేదు, విన్నావా? చెవి వెనక ఏంటది, పిండా?"

చేయని తప్పుకి దొరికిన క్షమ అది. చేసిన తప్పు ఎవరికీ తెలియదు. చెవి వెనక పౌడరు తుడుచుకుంటూ మర్యూరి ఆవిడ గదిలోకి వెళ్ళింది.

మేజా మీద నిన్నటి టీ సరంజామా అలాగే ఉంది. కేకు మొదటి ముక్క కోసిన చోట ఖాళీ. మిగతాది ఎవరూ ముట్టుకోలేదు. మర్యూరి కెటిలుని పాత పేపర్లో చుట్టబోయి ఆగింది.

ఆవిడ మతి తప్పి వెళ్ళలేదు. చెప్పినమాట నమ్మి వెళ్ళింది. పాస్తోలో అయితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఇక్కడ మాటంటే మాటే. అబద్ధం నాది, పిచ్చి ముద్ర ఆవిడకి.

చెప్పేస్తే? ఫిబ్రవరి ఎంతో దూరం లేదు. వృద్ధులతో అబద్ధాలాడే మనిషిని ఎవరుంచుకుంటారు? ఊరుకుంటే? ఎవరికీ తెలియదు. ఆవిడ అన్నా ఎవరూ నమ్మరు. నమ్మరన్న ధైర్యం మీద తను బతకాలా?

కెటిలుని ఉన్నచోటే పెట్టి త్యాదెన్ గారి గదికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పైన డ్యూటీ అని ఆవిడకి నేనే చెప్పానండీ. అబద్ధం. ఆవిడకి మతి బాగానే ఉంది."

త్యాదెన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సెలవు నీ హక్కు కదా. దానికి అబద్ధం ఎందుకు?"

"రానంటే నొచ్చుకుంటారని."

"నొచ్చుకుంటే నొచ్చుకునేవారు. సాయంత్రానికి మర్చిపోయేవారు." ఆవిడ గొంతులో కోపం కంటే అర్థంకానితనమే ఎక్కువ. "పొద్దున అందరి ముందూ చెప్పాను. అప్పుడెందుకు మాట్లాడలేదు?"

ఆవిడ ఫోను దగ్గరికి లాక్కున్నారు.

"గది సంగతి ఆపుతాను. డాక్టరుకి ఫోను చేస్తాను. నీ సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడేమీ చెప్పలేను" అన్నారు త్యాదెన్ గారు.

డ్యూటీ అవగానే మర్యూరి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి నర్సు గొంతు ఖంగుమని వినిపించింది. "ఏమండీ, మనం బంగారంలా మాత్ర మింగేద్దామా? ఇది ఏ ఊరో గుర్తుందా మనకి?" చంటిపిల్లతో మాట్లాడినట్టు. ఓస్టర్‌కాంప్ గారు ఊరి పేరు చెప్పి, మాత్ర మింగి, గోడవైపు తల తిప్పుకున్నారు.

నర్సు వెళ్ళాక మర్యూరి మంచం పక్కకి వచ్చింది. ఆవిడ తల తిప్పి, చటుక్కున ఆమె చేయి పట్టుకున్నారు.

"పిల్లా, నిజం చెప్పు. పైన డ్యూటీ అని నువ్వు నాతో అన్నావా, అనలేదా?" పట్టు ఇంకా బిగించారు. "అన్నట్టే గుర్తు. నువ్వు అసలు లేనే లేవంటున్నారు వీళ్ళు. రాత్రంతా ఇదే. మా అమ్మకి ఆఖర్న ఇలాగే అయింది, లేనిపోనివి విన్నానని చెప్పేది. నాకూ మొదలైందా?"

మర్యూరి అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. తుంటి విరగడమే తన పాపం అనుకుంది ఇంతసేపూ. ఒక రాత్రంతా ఈ మనిషి తన బుర్రని తనే నమ్మకుండా పడుకుందని ఆమెకి తట్టనే లేదు.

"అన్నానండీ. అది అబద్ధం. బ్రేమెన్‌లో మావాళ్ళ పండుగకి వెళ్ళాను. మీరు సరిగ్గానే విన్నారు."

"అన్నావా?"

"అన్నాను."

"పై అంతస్తు అనే అన్నావా?"

"అవునండీ."

ఓస్టర్‌కాంప్ గారు కళ్ళు మూసుకున్నారు. రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల దాకా జారాయి. "అయితే నాకు మతి పోలేదు" అన్నారు మెల్లగా. కాసేపటికి చేయి వదిలేశారు. వదలడం కాదు, విదిలించారు.

"పండుగకి పోతానంటే కాళ్ళు కట్టేసేదాన్నా నేను? నాకూ ఇరవయ్యేళ్ళు ఉండేవి."

"క్షమించండి."

"అది తర్వాత. ఇప్పుడు కోపంగా ఉంది. ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు." ఆవిడ తలుపు వైపు గడ్డం ఎత్తి చూపించారు. "త్యాదెన్‌కి చెప్పావా?"

"చెప్పాను."

"ఆ నర్సుకి చెప్పు. ఊరి పేరు అడుగుతోంది నన్ను! తొంభయ్యేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నదాన్ని. పో, ఇప్పుడే చెప్పు. డాక్టరు కనిపిస్తే ఆయనకీ చెప్పు."

మర్యూరి వెళ్ళింది. వరండా చివర బల్ల దగ్గర నర్సు ఏదో రాసుకుంటోంది. వచ్చీరాని జర్మన్‌లో, ముఖం కందిపోతుండగా, మర్యూరి చెప్పింది. లోపలున్నావిడ మతి తప్పలేదు, తనే అబద్ధం చెప్పింది, అది నమ్మి ఆవిడ మెట్లెక్కింది. నర్సు కలం ఆపి పైకీ కిందికీ చూసింది.

"మీరు చుట్టమా?"

"కాదండీ."

"మరి?"

"ఆవిడ ఉండే చోట పని చేస్తాను."

నర్సు "అలాగా" అని, కాగితం మీద ఒక మాట కొట్టేసింది. గది దాటి వెళుతున్న డాక్టరుకీ మర్యూరి చెప్పింది. ఆయన సగం విని, "ఫోను వచ్చింది, తెలుసు" అని వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేసరికి ఓస్టర్‌కాంప్ గారు కళ్ళు తెరవకుండానే అడిగారు.

"చెప్పావా?"

"ఇద్దరికీ చెప్పానండీ."

"రాత్రి డ్యూటీకి ఇంకొకావిడ వస్తుంది. అదీ ఇలాగే గట్టిగా అరుస్తుంది. దానికీ చెప్పాలి."

"ఇంకా రాలేదండీ."

"అయితే కూర్చో" అన్నారు ఓస్టర్‌కాంప్ గారు, గోడవైపు తల తిప్పుకుని.

మర్యూరి కోటు విప్పకుండానే కుర్చీ అంచు మీద కూర్చుంది.