పెద్దకత్తి నూరిన మిరప

రెండు కుర్చీల ఆ సెలూన్‌లో అద్దం ఎదురుగా ఉన్న పెద్ద కుర్చీ పెద్దకత్తిది. తలుపు పక్కన సీటు చిరిగిన కుర్చీ అతని బావమరిది చిన్నకత్తిది. ఆ పేర్లు వీధివాళ్ళు పెట్టినవే. పెద్దకత్తికి పట్టలేనంత గర్వం రెండు విషయాల్లో. ఒకటి తన పనితనం. రెండోది ఇంటి బాల్కనీలో పాత రంగు డబ్బాల్లో పెంచిన మిరప మొక్కలు. కాయ చూస్తే చిటికెన వేలి గోరంత, కొరికితే చెవుల్లోంచి పొగలు రావలసిందే.

ఆ రోజు పొద్దున్నే పండుకాయలన్నీ కోసి, ఉప్పూ వెల్లుల్లీ వేసి తానే నూరడానికి కూర్చున్నాడు. భార్య ప్లాస్టిక్ తొడుగులు తెచ్చి ముందు పెట్టింది.

"వేసుకోండి. ఆ చేతులతోనే జనం మొహాలు ముట్టుకోవాలి కదా."

"ముప్పయ్యేళ్ళు కత్తి పట్టిన చెయ్యి. దీనికి మంటేమిటి?" అని నవ్వేశాడు.

నిజమే, మొద్దుబారిన ఆ అరచేతులకు ఏమీ తెలియలేదు. సబ్బుతో ఒకసారి కడిగేసి కొట్టుకు బయలుదేరాడు. చేతికి తెలియనంత మాత్రాన మిరపకాయ ఊరుకుంటుందా?

తొలి బేరం రిటైరైన బస్సు డ్రైవరుగారు. ఇరవయ్యేళ్ళుగా పెద్ద కుర్చీ తప్ప ఎక్కని మనిషి. గడ్డం గీశాక క్రీము రాసి అరచేతులతో చెంపలు మర్దన చేయడం పెద్దకత్తి ప్రత్యేకత. అది సగంలో ఉండగానే డ్రైవరుగారు లేచి నిలబడ్డారు. మొహం కందిపోయింది, కళ్ళు ధారకట్టాయి.

"ఏం పూశావయ్యా నా మొహానికి?"

కంగారులో పెద్దకత్తి చేత్తో మూతి తుడుచుకున్నాడు. పెదవి భగ్గుమంది. విషయం అర్థమైంది. అర్థమైన మరుక్షణమే నోరు ఇంకో మాట అనేసింది.

"కొత్త క్రీమండీ. నిన్న మావాడు తెచ్చాడు."

అతని చేతిలోని తడి తువ్వాలు అందుకుంటున్న చిన్నకత్తి ఒక్క క్షణం ఆగాడు. తన వేళ్ళ వంక చూసుకున్నాడు. ఆ తర్వాత క్రీము డబ్బా తీసి చెత్తబుట్టలో పడేశాడు.

"పొరపాటైందండీ" అన్నాడు.

"నలభయ్యేళ్ళు బస్సు నడిపాను, ఒక్కడి ఒంటి మీద గీత పడనివ్వలేదు. ఇంకెప్పుడూ నా మొహం జోలికి రాకు" అని చిన్నకత్తిని కసిరి డ్రైవరుగారు వెళ్ళిపోయారు.

బెంచీ మీదున్నవాళ్ళు ఆ మాట విన్నారు. మధ్యాహ్నం దాకా చిరిగిన కుర్చీ ఎవరూ ఎక్కలేదు.

భోజనాల వేళ చిన్నకత్తి డబ్బా విప్పి, అక్క పెట్టిన మిరపముద్ద అన్నంలో కలుపుకున్నాడు.

"బాగా కుదిరింది బావా. తువ్వాలు అందుకున్నప్పుడే నా వేళ్ళు మండాయి."

పెద్దకత్తి నోటిదాకా తెచ్చిన ముద్ద డబ్బాలోకి దించేశాడు.

"మరి అప్పుడే ఎందుకు అనలేదురా?"

"నువ్వు చెబుతావనుకున్నా."

అంతే అన్నాడు, తిట్టనైనా తిట్టలేదు. తిట్టి ఉంటే పెద్దకత్తి కాస్త తేలికపడేవాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ సాయంత్రం డ్రైవరుగారి ఇంటి మలుపు దాకా రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. అంత పొడుగు మనిషికి అంత పిరికితనం ఎక్కడ దాగిందో!

మూడో రోజు డ్రైవరుగారే వచ్చి పెద్ద కుర్చీలో కూర్చున్నారు. బెంచీ నిండా జనం. ఆయన మెడకు గుడ్డ కట్టాడు గానీ, పెద్దకత్తి కత్తి పట్టలేకపోయాడు.

"మొన్న మండింది క్రీము వల్ల కాదండీ. మిరపకాయలు నూరిన నా చేతుల వల్ల. తెలిసే వాడి మీదికి నెట్టాను."

డ్రైవరుగారు అద్దంలోంచి అతన్ని కాసేపు చూశారు. మెడకు కట్టిన గుడ్డతోనే లేచి, వెళ్ళి చిరిగిన కుర్చీలో కూర్చున్నారు.

"కానివ్వు బాబూ" అన్నారు చిన్నకత్తితో.

చిన్నకత్తి తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. పెద్దకత్తి దాన్ని మొన్న మండిన ఆ చేతికి అందించలేక, బల్ల అంచున పెట్టి పక్కకు తప్పుకున్నాడు.