ఎడమ చెయ్యి పొడుగు

ఆవిడ ఏ స్వెట్టరు అల్లినా ఎడమ చెయ్యి కాస్త పొడుగొచ్చేది. కుడి చెయ్యి టేపు పెట్టి కొలిచి మరీ అల్లేది. ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి, పని అయిపోవచ్చిందన్న సంబరంలో కబుర్లలో పడి నాలుగు వరసలు ఎక్కువ వేసేసేది. ఆ మాట అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేది.

"నా అల్లిక సరిగానే ఉంది, మీ చేతులే వంకర" అనేది మొగుడితో.

ఆయన బస్సు కండక్టరు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఇంటికి చుట్టాలొస్తే చాలు, స్వెట్టరు తొడుక్కుని రెండు చేతులూ చాచి చూపించేవాడు. "కుడి చేతికి మామూలు టికెట్టు, ఎడమ చేతికి లగేజీ అదనం" అని నవ్వించేవాడు. కొడుకు అలా కాదు. తల్లిని పల్లెత్తు మాట అనకుండా, ఎడమ చేతి అంచు రెండు మడతలు పెట్టుకుని తొడుక్కునేవాడు.

ఆ కొడుకునే ఒక చలికాలం పొద్దున భద్రతా బలగాలు జీపెక్కించుకుపోయాయి. అతను పనిచేసే అచ్చాఫీసులో ఎవరివో కరపత్రాలు అచ్చయ్యాయట, అదీ నేరం. అప్పుడు ఒంటిమీద ఆకుపచ్చ స్వెట్టరుంది. వాళ్ల క్యాంపు గేటు దగ్గరికి వెళ్లి అడిగితే ఒకటే జవాబు. సాయంత్రమే వదిలేశాం, సరిహద్దు దాటి ఎటో పోయాడు, మాకేం తెలుసు అని.

కండక్టరు ఆ మాట ఒక్క పూట కూడా నమ్మలేదు. ఆవిడ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? కొడుకు బతికే ఉన్నాడని చెప్పేవాళ్లు లోకంలో వాళ్లొక్కరే. కన్నబిడ్డను ఎత్తుకుపోయినవాళ్ల అబద్ధాన్నే పట్టుకుని ఆ తల్లి పన్నెండేళ్లు నెట్టుకొచ్చింది. ఏటా చలి మొదలయ్యే ముందు ఒక స్వెట్టరు అల్లి బీరువాలో పెట్టేది. "అవతలి దేశంలో చలి ఎక్కువట, వచ్చేటప్పటికి వాడి ఒంటిమీద ఏం మిగిలుంటుంది" అనేది. అన్నిటికీ ఎడమ చెయ్యి పొడుగే. ఆయన మాత్రం ఇప్పుడు వేళాకోళం చేయడం మానేశాడు.

ప్రభుత్వం మారాక బలగాల అఘాయిత్యాలు విచారించడానికి జాతీయ కమిషన్ వేశారు. కమిషన్లు వేళ తప్పిన బస్సుల్లాంటివి, తిట్టుకుంటూనైనా ఎక్కక తప్పదు. కండక్టరు చెప్పులరిగేలా తిరిగి అర్జీ పెట్టాడు. పాత క్యాంపు వెనక తవ్వించారు. ఒక గోతిలో కొన్ని ఎముకలు, వాటితో ఒక స్వెట్టరు దొరికాయి. అది తమవాడిదేనని ఇంటివాళ్లు చెబితే అధికారుల మీద కేసు నడుస్తుంది. చెప్పకపోతే, సరిహద్దు దాటిపోయాడన్న మాటే నివేదికలో ఖాయమవుతుంది. చేత్తో అల్లినది కాబట్టి అల్లినావిడే వచ్చి చూడాలన్నారు.

"వస్తాను" అంది ఆవిడ. "కానీ అక్కడ నా మాట నన్ను చెప్పనివ్వాలి. మీరు మధ్యలో దూరకూడదు."

ఆయన తలూపాడు.

విచారణ ఒక పాత లైబ్రరీ హాల్లో. పుస్తకాలు తీసేసిన బీరువాలు గోడలకు ఆనుకుని ఉన్నాయి. మైకు కీచుమంటోంది. బల్లకు ఇవతల దంపతులు, అవతల కమిషన్ పెద్దగా రిటైరైన ఒక మహిళా జడ్జి. పక్కన బలగాల తరఫు వకీలు. గుమాస్తా చేతులకు తొడుగులు వేసుకుని కాగితం పొట్లం విప్పి స్వెట్టరు బల్లమీద పరిచాడు.

కండక్టరు చూశాడు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మాది కాదు" అంది ఆవిడ వెంటనే. "మావాడిది ఆకుపచ్చది. ఇది మట్టిరంగు."

"ఇన్నేళ్లు మట్టిలో ఉంది కదమ్మా" అంది జడ్జి. "తొందరేం లేదు. దగ్గరకు తీసుకుని చూడండి."

"చూసేదేముంది? ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. నా చేతిపని ఇంత అధ్వాన్నంగా ఉండదు. కావాలంటే ఈయన్నడగండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. ఇన్నేళ్లు ఆ ఒక్క మాట కోసమే గుమ్మం గుమ్మం ఎక్కి దిగాడు. కానీ ఆ మాట తను అంటే, కొడుకును ఆవిడ చేతుల్లోంచి తనే లాక్కున్నట్టవుతుంది. తల వంచుకున్నాడు. వకీలు అప్పుడే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"సరేనమ్మా" అంది జడ్జి. "కాదనే రాసుకోమంటారా?"

ఆవిడ చూపు ఎడమ చేతి అంచు దగ్గర ఆగిపోయింది. అంచు మడిచి ఉంది, ఊలు సాగి మడిచినా పొడుగ్గానే కనిపిస్తోంది. మెల్లగా వేలు పెట్టి ఒక మడత విప్పింది. ఇంకొకటి విప్పింది. మట్టి చొరబడని ఆ లోపలి ఊలు నిన్న అల్లినట్టు పచ్చగా ఉంది.

ఆవిడ ఆ పచ్చటి పట్టీని చాలాసేపు చూసింది. తర్వాత ఒక మడత పెట్టింది. రెండో మడత పెట్టింది. పసివాడి చొక్కా సరిచేసినట్టు అరచేత్తో అదిమింది.

"రాసుకోండమ్మా" అంది. "మావాడిదే. నాకెప్పుడూ ఎడమ చెయ్యి పొడుగే వస్తుంది. ఈయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. నేనే ఒప్పుకోలేదు."

వినాలని పన్నెండేళ్లు ఎదురుచూసిన మాట విని కండక్టరు లేచి నిలబడ్డాడు.

"లేదు మేడమ్" అన్నాడు. "ఆవిడ అల్లిక ఎప్పుడూ సరిగానే ఉండేది. రెండు చేతులూ సమానమే. నేనే ఊరికే, వేళాకోళానికి..."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది.

"కూర్చోండి" అంది. "వాళ్లను రాసుకోనివ్వండి."