బకెట్ల మూతలు

“మూతలు వేసే ఉంటాయిలే డాక్టర్,” అన్నాడు ఎలాదియో, పడవ అంచు మీద వేళ్లతో తాళం వేస్తూ.

ఉంటాయిలే. ఆ ఒక్క మాట తీసేస్తే జునిల్డా మొగుడి దగ్గర పెద్దగా మాటలు మిగలవు. గ్యాసు ఉంటుందిలే. అమ్మ మందులు వేసుకునే ఉంటుందిలే. చొక్కా ఉతికే ఉంటుందిలే. అతను అలా అనడమూ, అది నిజంగానే అయి ఉండటమూ పదకొండేళ్లుగా జరుగుతున్నాయి కాబట్టి, ప్రపంచం తన నోటిమాట మీద నడుస్తోందని అతనికి గట్టి నమ్మకం. మూతల సంగతైతే మరీనూ. ఇంట్లో జామ్ సీసా, పంచదార డబ్బా, టూత్‌పేస్టు, సూపు గిన్నె, వీటిలో ఏ ఒక్కటీ ఎలాదియో చేత్తో మూత పడి ఎరగదు. రాత్రి అందరూ పడుకున్నాక మూతలు వాటికవే ఎగిరొచ్చి కూర్చుంటాయని అతను జీవశాస్త్రం చదివిన బుర్రతోనే నమ్ముతాడు.

కానీ డాక్టర్ నెలీదా అడిగినవి ఇంట్లో మూతలు కావు.

ఇబేరా చిత్తడి నేలల్లో కప్పల్ని, బల్లుల్ని, పాముల్ని లెక్కపెట్టడం వాళ్ల నలుగురి పని. నెలీదా పెద్ద. జునిల్డా, ఎలాదియో ఆమె కింద. ఆన్సెల్మో పడవ నడుపుతాడు. నేలలో అంచు దాకా బకెట్లు పాతి, బకెట్‌కీ బకెట్‌కీ మధ్య మోకాలెత్తు ప్లాస్టిక్ పట్టా గోడలా కడతారు. చీకట్లో తిరిగే కప్ప ఆ గోడకు తగిలి, దాని వెంబడే నడిచి బకెట్లో పడుతుంది. పొద్దున్నే తీసి, కొలిచి, తూచి వదిలేస్తారు. కప్పకేం కాదు, కాస్త పరువు పోతుంది. పని ఆపి ఊరెళ్లే రోజున మాత్రం ప్రతి బకెట్‌కీ మూత బిగించి, మీద మట్టిగడ్డ పెట్టాలి. పెట్టకపోతే అది బకెట్ కాదు, గొయ్యి.

ఈస్టర్ ముందు పవిత్ర వారానికి పని ఆపారు. నెలీదా ముందే కొరియెంతెస్ నగరానికి వెళ్లిపోయింది. మూతలు వేయాల్సింది బుధవారం. జునిల్డా మంగళవారమే ఇంటికెళ్లింది. వెళ్లడమంటే, అత్తగారు పిలిపించుకుంది. గుడ్ ఫ్రైడే, అంటే ఆ శుక్రవారం పొయ్యి వెలిగించకూడదు, చీపురు ముట్టకూడదు, కాబట్టి బుధవారమే చిపా రొట్టెలు చేసి పెట్టుకోవాలి. కర్రపెండలం పిండి, జున్ను, గుడ్లు, పంది కొవ్వు. ఆ అత్తగారు, డోన్యా ఎర్సిలియా, అందరిలా ఇంటికి సరిపడా చెయ్యదు. పరాగ్వే మీద యుద్ధానికెళ్లే సైన్యం దారిలో తనింటి ముందు ఆగుతుందేమో అన్నట్టు చేస్తుంది. “అమ్మాయ్, నా చేతుల్లో సత్తువ లేదు. నువ్వు పిసుకు, నేను చెబుతా,” అని కుర్చీ వేసుకుని, మట్టి పొయ్యి చల్లారేదాకా చెప్పింది.

“యూనివర్సిటీలో పిండి పిసకడం నేర్పలేదా? మరేం నేర్పారు?”

“కప్పల గురించి డోన్యా.”

“కప్పలకేముంది నేర్చుకోడానికి. అరుస్తాయి, దూకుతాయి. నా కొడుకు కూడా అదే చదివాడు. కానీ వాడు మగాడు, ఏం చదివినా వండిపెడితే తింటాడు.”

ఆ బుధవారం శిబిరంలో ఎలాదియో ఒక్కడే. అంతా నేను చూసుకుంటానులే అన్నాడు.

పండగ అయ్యి నలుగురూ తిరిగొస్తుంటే, పడవ ఒడ్డుకి తగలకముందే వాసన తగిలింది. ఆన్సెల్మో మోటారు ఆపేశాడు. దిగి నాలుగడుగులు వేసేసరికి, చెట్టు కింద మూతలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడి బుద్ధిగా కనిపించాయి. జునిల్డా సోమవారం కడిగి ఎక్కడ పెట్టిందో అక్కడే ఉన్నాయి.

నెలీదా మొదటి బకెట్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు లోపలికి చూసింది. తలెత్తింది. అడగకముందే ఎలాదియో జునిల్డా భుజం మీద చెయ్యి వేశాడు.

“మర్చిపోయింది డాక్టర్. పాపం చిపాల హడావిడి కదా. బుర్రంతా పిండి.”

ఎంత ప్రేమగా అన్నాడో. అబద్ధమాడే మనిషి మొహంలో ఉండే కంగారు కూడా లేదు, ఎందుకంటే అతని లెక్కలో అది అబద్ధం కాదు. మూత పడలేదంటే జునిల్డా వెయ్యలేదని అర్థం. ఆమె ఆ రోజు ఎక్కడుందన్నది చిన్న విషయం. చంద్రుడి మీదున్నా సరే.

“పవిత్ర వారంలో ఆడవాళ్లకి బుర్ర ఎక్కడ మిగులుతుంది డాక్టర్,” ఆన్సెల్మో వాతావరణం తేలిక చేద్దామని చూశాడు. “మా ఆవిడ పోయినేడు నా చెప్పు పొయ్యిలో పెట్టింది.”

“తిన్నావా?” అన్నాడు ఎలాదియో.

“శుక్రవారం కదయ్యా, మాంసం ముట్టకూడదు. తోలు కూడా మాంసం కిందే లెక్క.”

నెలీదా నవ్వలేదు. జునిల్డా కూడా నవ్వలేదు, ఏడవలేదు. తనకి కోపం వస్తుందేమో అని నిలబడి చూసింది. వాళ్ల ఊళ్లో ఆదివారం బస్సు కోసం నిలబడ్డట్టే ఉంది. రాదని తెలుసు, నీడ ఉంది కదా అని నిలబడటం. మొదట్లో కోపం వచ్చేది. పెళ్లయిన కొత్తలో చెట్టు కప్పల మీద ఆమె రాసిన వ్యాసం అచ్చయినప్పుడు అతని పేరు ముందుంటే, “అక్షర క్రమంలో వేశార్లే జునీ,” అన్నాడు. ఆమె ఇంటిపేరు అకోస్తా. అతనిది వల్యేహోస్. ఏ దేశపు అక్షరమాలో అని రెండ్రోజులు మండిపడింది. తర్వాత మీటింగుల్లో కాఫీ ఆమె పోస్తుంటే ఎవరో అతిథి చక్కెర తక్కువైందని చెప్పినప్పుడు కాస్త వచ్చింది. అత్తగారు చుట్టాలకి పరిచయం చేస్తూ, “కోడలు. వాడికి సాయంగా అడవికి వెళ్తుంది,” అన్నప్పుడు ఇంకాస్త తక్కువ వచ్చింది. పక్షవాతం వచ్చిన చేతిని చిటికెన వేలి దగ్గర్నుంచి ఒక్కొక్క వేలే వదులుకున్నట్టు, ఎప్పుడు మొత్తం చెయ్యి పోయిందో గుర్తు లేదు. నొప్పి లేదు. పని మాత్రం జరుగుతూనే ఉంది.

ఇప్పుడూ జరిగింది. చచ్చినవాటిని కూడా కొలవాలి. జునిల్డా బకెట్ తర్వాత బకెట్ ముందు వంగింది. వాననీళ్లు నిలిచిన బకెట్లలో ఉబ్బిపోయినవి, నిలవని వాటిలో ఎండిన తమలపాకుల్లా అయిపోయినవి. ముక్కు కొస నుంచి తొడ దాకా కొలిచి, ఏ రకమో చెబుతూ పోయింది. నెలీదా రాసుకుంటోంది. “ఈలకప్ప. ఈలకప్ప. నలికిరి, తోక లేదు. గోదురుకప్ప, ఆడది, గుడ్లతో.” గొంతు కూరగాయల బేరంలా ఉంది. చివరి బకెట్లో మాత్రం లెక్క సుఖంగా ఉంది, ఒకటే. ఒక నీటిపాము అందులో పడ్డవాళ్లందరినీ తినేసి, లావెక్కి, పైకి రాలేక చుట్ట చుట్టుకుని పడుకుంది. తీసి గడ్డిలో వదిలితే, పెళ్లి భోజనం నుంచి వెళ్తున్న పెద్దమనిషిలా తొందరేమీ లేకుండా వెళ్లిపోయింది.

తర్వాత నెలీదా చేతులు కడుక్కుని జునిల్డాని పక్కకి పిలిచింది. పక్కకి అంటే మూడడుగులు, అందరికీ వినపడుతుంది.

“తూర్పు ఒడ్డు శిబిరం నీకే ఇద్దామనుకున్నాను. ప్లాను నీదే, నాకు తెలుసు. రెండేళ్ల నుంచి అడుగుతున్నావు. కానీ అక్కడ చలికాలమంతా, వసంతం దాకా, ఒక్కళ్లే చూసుకోవాలి. ఇది జరిగాక నిన్ను పంపితే పైవాళ్లకి నేనేం చెప్పుకోను? ఎలాదియో వెళ్తాడు.”

“నేనా?” అన్నాడు ఎలాదియో. “సరే, తప్పదంటే వెళ్తాను.” జునిల్డా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఊరుకో జునీ. నీకెలాగూ కుదిరేది కాదుగా, అమ్మనెవరు చూస్తారు? మనింట్లోవాళ్లకే వచ్చింది కదా. నీకొచ్చినా నాకొచ్చినా ఒకటే.”

ఆమె అతని మొహం చూసింది. నిజంగానే ఒకటేనని అనుకుంటున్నాడు. కుడిచెయ్యి భోజనం చేస్తే ఎడమచేతికి ఆకలి తీరదా అన్నట్టుగా.

“బుధవారం నేనిక్కడ లేను డాక్టర్,” అంది జునిల్డా.

గొంతు ఇందాకటిదే. గోదురుకప్ప, ఆడది, గుడ్లతో.

“జునీ, ఇంటి సంగతులు ఇక్కడెందుకు?”

“మూతలు ఇంటి సంగతి ఎప్పుడయ్యాయి?”

నెలీదా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“లేకపోతే ఎక్కడున్నావు?”

“వీళ్లమ్మగారి పొయ్యి ముందు. మంగళవారం సాయంత్రమే వెళ్లిపోయాను. ఈ శిబిరం మూసెయ్యడం ఎలాదియోకి అప్పజెప్పారు, మీరే.”

“మంగళవారం నేనే దింపాను డాక్టర్,” అన్నాడు ఆన్సెల్మో.

“మరి ఇందాకట్నుంచీ చెప్పవేం?”

“ఎవరూ అడగలేదు. పైగా నేను చెప్పు కథ చెబుతున్నా.”

నెలీదా ఎలాదియో వైపు తిరిగింది. అతను తప్పించుకోవాలని చూడలేదు. అదే వింత. తేలని లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లాడిలా నుదురు ముడిచి, “తను వేసిందనుకున్నా,” అన్నాడు.

“ఆమె ఇక్కడ లేదని నీకు తెలుసు కదయ్యా. వెళ్లింది మీ అమ్మ దగ్గరికే.”

“తెలుసు.” ఇంకాస్త ఆలోచించాడు. “కానీ ఎప్పుడూ తనే వేస్తుంది కదా.”

ఆన్సెల్మో టోపీ తీసి లోపల ఏదో ఉన్నట్టు చూసుకున్నాడు. జునిల్డా గెలిచినట్టు ఏమైనా అనిపిస్తుందేమో అని ఎదురుచూసింది. ఏమీ అనిపించలేదు.

“తూర్పు ఒడ్డుకి సామానంతా పడవలోనే ఉంది,” అంది నెలీదా చివరికి, ఆమె మొహం చూడకుండా. “నన్ను క్షమించమని తర్వాత అడుగుతాను, ఇప్పుడు నోరు రావట్లేదు. రేపు వెళ్తావా? ఇంటికెళ్లి బట్టలూ అవీ తెచ్చుకుని…”

ఇంటికెళ్తే అక్కడ ఏదో ఒకటి పొంగుతూ ఉంటుంది. ఒకటి మాడుతూ ఉంటుంది. డోన్యా ఎర్సిలియాకి సరిగ్గా ఆ సాయంత్రమే గుండె పట్టేస్తుంది. చుట్టాలొస్తారు. ఎలాదియో అరిచి గోల చెయ్యడు, ‘వెళ్దువులే’ అంటాడు, అంతే. ఆ మాటలోంచి మనిషి బయటికి రావడానికి ఇంకో పదకొండేళ్లు పడుతుంది.

“ఇప్పుడే వెళ్తాను.”

“బట్టలు?”

“ఒంటి మీదున్నాయిగా.”

నెలీదా తలూపింది. “ఎలాదియో, నువ్వు ఇక్కడుండి బకెట్లు శుభ్రం చేసి మూతలెయ్యి. సాయంత్రం ఆన్సెల్మో వచ్చి తీసుకెళ్తాడు.”

అతను చెట్టు కిందికి వెళ్లి పైనున్న మూత తీశాడు. ఆమె పడవ వైపు నడుస్తుంటే వెనక నుంచి పిలిచాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

“జునీ, దీన్ని ఎటు తిప్పాలి?”

కాళ్లు ఆగాయి. చేతులు అప్పటికే కదిలాయి కూడా, కుడివైపుకి తిప్పుతున్నట్టు గాల్లో. వాటిని జేబుల్లో పెట్టుకుంది. సమాధానం నాలుక మీదే ఉంది. మింగేసింది.

“మరి అమ్మకేం చెప్పను?”

ఆమె ఒడ్డు దిగి, నీళ్లలో రెండడుగులు వేసి పడవెక్కింది. ఆన్సెల్మో తాడు విప్పాడు. మోటారు అందుకుంది. రెల్లు గడ్డి పక్కలకి ఒరిగి, తూర్పువైపు నీళ్లు విశాలంగా తెరుచుకున్నాక, ఎడమ బూటు చిరిగి ఉందని, పొద్దుట్నుంచీ అందులో నీళ్లున్నాయని జునిల్డాకి అప్పుడు తెలిసింది.

చల్లగా ఉన్నాయి.