కొండమీది ఇంట్లో విందు

లాంకషైర్ మరమగ్గాల మీద కూలికి నేసి పైకొచ్చిన ఎనోక్ ష్యాక్లటన్ సొంత మిల్లు పెట్టి, ఊరి పొగ అందనంత ఎత్తులో ఇల్లు కట్టాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఎవరో ప్రభువు ఇంట్లో పనిచేసిన పిల్‌బీమ్‌ని బట్లర్‌గా తెచ్చిపెట్టాడు.

ఆనాటి నుంచి భార్య కెజయాకి ఊపిరాడలేదు. పొయ్యిలో బొగ్గు వేయబోతే పిల్‌బీమ్ దగ్గేవాడు. వంటింట్లోకి తొంగిచూస్తే, "అమ్మగారు దారి తప్పినట్టున్నారు" అనేవాడు.

"ఏమయ్యా, నా ఇంట్లో నేను టీ పెట్టుకోకూడదా?" అని ఆమె మొత్తుకుంటే, "పెద్దింటి మర్యాదలు నేర్చుకోవే!" అని ఎనోక్ విసుక్కునేవాడు.

జమీందారు సర్ లయనెల్ దంపతులు మొదటిసారి మధ్యాహ్న భోజనానికి వచ్చిన రోజే కెజయా చెల్లెలు తామర్ కూడా వచ్చింది. ఆమె ఇంకా మిల్లులోనే నేస్తోంది. చెక్క చెప్పులతో, శాలువాతో వీధి గుమ్మం ఎక్కిన ఆమెను పిల్‌బీమ్ పెరటి దారి పట్టించాడు. ఆ చెప్పుల చప్పుడు కిటికీ పక్కనుంచి వెనక్కి మళ్ళడం విని కెజయా సూప్ వదిలేసి లేచింది. "కూర్చోవే" అని ఎనోక్ పళ్ళు కొరుకుతున్నా వినకుండా వెళ్ళి, చెల్లెల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"వదలవే అక్కా! పొయ్యి పక్కన వేడివేడిగా తింటున్నాను. ఈ గొడవ నాకెందుకు?"

"నోర్మూసుకుని కూర్చో. నీ కోసం పోట్లాడుతుంటే నువ్వూ నన్నే అంటావేం?"

దొరసాని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. తామర్‌కి ఒళ్ళు మండింది. మగ్గాల హోరులో మాట వినబడదు కనుక అక్కడి నేతగాళ్ళు పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. ఆమె అలాగే, గొంతు పైకి రానివ్వకుండా అక్కతో అంది: "ఆ రుమాలు తీయమనవే. అంత ముక్కు ఉంటే పోగు మోసే నాడె బదులు మగ్గంలో పెట్టి నేసెయ్యొచ్చు."

కెజయా నవ్వు దిగమింగింది. ఆ పెదవుల మాట ఎనోక్‌కీ అర్థమైంది. అతను ఆపుకోలేకపోయాడు. నోట్లోని సూప్ బల్లంతా చింది, సర్ లయనెల్ చొక్కా మీద కూడా పడింది.

మాంసం వడ్డించకముందే అతిథులు బండెక్కారు. సాయంత్రానికి పిల్‌బీమ్ కూడా పెట్టె సర్దుకున్నాడు.

"అంతా మీ అక్కచెల్లెళ్ళ నిర్వాకం!" అని ఎనోక్ చిందులు తొక్కాడు.

"పకపకా నవ్వింది ఎవరయ్యా? నేనా?"

"బావా, ఆ మాంసం చల్లారిపోతోంది. పిల్లలకి పట్టుకెళ్ళనా?" అంది తామర్.

"పట్టుకెళ్ళు తల్లీ, గిన్నెతో సహా పట్టుకెళ్ళు!"

కొన్నాళ్ళకి ఎనోక్ లండన్ నుంచి ఇంకో బట్లర్‌ని పిలిపించాడు. బండి కొండ ఎక్కడం కెజయా చూసింది. కుండెడు వెన్న, టీ పొట్లం బుట్టలో పెట్టుకుని తామర్ ఇంటికి దిగిపోయింది. ఎనోక్ స్వయంగా వచ్చి ఆ ఇంటి తలుపు తట్టేదాకా తిరిగి వెళ్ళలేదు.